ఎడమకి తిరుగుతున్నాం

బస్సు రెండో స్టాపు దాటకముందే అతనికి అర్థమైపోయింది, ఇక తన వల్ల కాదని.

నుదుటి మీద చెమట. నోట్లో నీళ్ళూరుతున్నాయి. చేతిలో బేకరీ కవరైతే ఉంది గానీ, అందులో పొద్దున కాల్చిన బ్రెడ్డుంది. బ్రెడ్డు బయటికి తియ్యాలా, అలాగే కానిచ్చెయ్యాలా అని ఆలోచించేలోపే జరగాల్సింది జరిగిపోయింది.

"కెప్టెన్! ఆపు, ఆపు!" అని కండక్టరు అరిచాడు.

బస్సు పక్కకి ఒరిగి ఆగింది. డ్రైవరు సీట్లోంచి ఖాకీ చొక్కా వేసుకున్న అమ్మాయి దిగి, చేతులు నడుం మీద పెట్టుకుని చివరి సీటు దాకా వచ్చింది. జడని గట్టిగా ముడి వేసుకుంది. చూపు అంతకంటే గట్టిగా ఉంది.

"బస్సు పడదని ఎక్కేముందు చెప్పాలని తెలీదా?"

"చెబితే ఎక్కనిస్తారా అండీ?"

"ఎక్కనివ్వను."

"అందుకే చెప్పలేదు."

కండక్టరు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. యాభై దాటిన మనిషి, ఆ రూట్లో అందరికీ బాబాయ్. డ్రైవరుకి కెప్టెన్ అని పేరు పెట్టింది ఆయనే.

"ట్రిప్పు అయ్యాక డిపోలో బకెట్టిస్తా. మొత్తం నువ్వే కడగాలి" అందామె.

"తప్పకుండా కడుగుతాను. కానీ డిపోకి నడిచొస్తాను. మీరు పదండి."

"వస్తాడంటావా బాబాయ్?" అందామె, అతను దిగి వెళ్ళాక.

"నువ్వయితే వస్తావా?" అన్నాడు బాబాయ్.

అతను వచ్చాడు. ఉత్తచేతుల్తో రాలేదు. బేకరీలో ఓవెన్ ట్రేలు తోమే బ్రష్షు, రెండు గుడ్డలు వెంట తెచ్చుకున్నాడు. రోజూ జిడ్డు ట్రేలతో కుస్తీ పట్టే చెయ్యి కదా, చివరి సీటుతో ఆగలేదు. కిటికీ అద్దాలు, కడ్డీలు, మెట్లు, అన్నీ తుడిచేశాడు. ఆమె కోపంగా నిలబడి చూడటం మొదలుపెట్టి, కాసేపటికి కోపం సంగతి మర్చిపోయింది.

"కొత్తప్పుడు కూడా ఇది ఇలా మెరవలేదు" అంది, తన నీళ్ళ సీసా అందిస్తూ. "అసలు నువ్వెందుకెక్కావు? నీకు పడదని నీకు తెలుసుగా?"

"తెలుసండీ. చిన్నప్పట్నుంచీ అంతే. కారు, బస్సు, ఆఖరికి ఊయల కూడా పడదు. సైకిలుంటే చాలు, ఈ ఊరు దాటాల్సిన పనేముంది అనుకున్నాను ఇన్నాళ్ళూ."

"మరి ఇప్పుడేమైంది?"

అతను గుడ్డ పిండి, మడిచి, మళ్ళీ విప్పాడు.

"మా అక్క కొండ మీది ఊళ్ళో ఉంటుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. పెళ్ళై వెళ్ళాక కూడా, నేను రాలేనని ప్రతిసారీ తనే దిగొస్తుంది. ఇన్నేళ్ళకి ఇప్పుడు కడుపుతో ఉంది. మంచం దిగొద్దన్నారట డాక్టరు. మొన్న బావ ఫోన్ చేసి చెప్పాడు."

"నీకోసం ఎదురుచూస్తోందా?"

"చూడదండీ. నేను రాలేనని తనకి తెలుసు. అదే నా బాధ."

ఆమె తళతళలాడుతున్న కిటికీ అద్దంలోకి కాసేపు చూసింది.

"మధ్యాహ్నం రెండో ట్రిప్పు ఖాళీగా పోతుంది. రేపు రా. వెనక్కాదు, ముందు సీట్లో కూర్చో. కడుపు నిండా తినకు, అలాగని ఖాళీ కడుపుతో రాకు. ఫోన్ తీశావంటే దింపేస్తా. కళ్ళు రోడ్డు మీదుండాలి."

"మీకెందుకండీ ఈ శ్రమంతా?"

"బస్సు మెరుస్తోందిగా. అందుకు" అని ఆమె లోపలికెళ్ళిపోయింది.

---

మొదటి రోజు ఒక్క స్టాపు. అంతే. దిగి, చెట్టుని పట్టుకుని నిలబడి, ఊపిరి పీల్చుకుని, బేకరీకి నడిచి వెళ్ళాడు. అయినా ఏమీ కాలేదు! ఆ సంతోషంలో సాయంత్రం పిండిలో ఉప్పు రెండుసార్లు వేసి యజమాని చేత చీవాట్లు తిన్నాడు.

మర్నాడు మరో స్టాపు. ఆ తర్వాత వంతెన దాకా. వంతెన దగ్గర మలుపులో మళ్ళీ మొహం పాలిపోయింది. ఆమె అద్దంలో చూసి గమనించింది.

"ఇలా కాదు" అంది. "బస్సు ఎప్పుడెటు తిరుగుతుందో నీ కడుపుకి తెలీడం లేదు. నేను చెబుతా, విను. ఎడమకి తిరుగుతున్నాం. బ్రేకు వేస్తున్నా. ఇప్పుడు గుంత."

అప్పట్నుంచీ ఆమె ప్రతి మలుపూ పైకి చెప్పడం మొదలుపెట్టింది. కుడి. ఎడమ. నెమ్మది. ముందు లారీ ఆగింది, మనమూ ఆగుతాం. రోజూ అదే ట్రిప్పులో కూరగాయల సంచీతో వెళ్ళే ముసలావిడ మొదట, "ఈ పిల్లకేమైంది, తనలో తాను మాట్లాడుకుంటోంది?" అంది. విషయం తెలిశాక ఆవిడే ముందు వరుసలో చేరి, డ్రైవరు కంటే ముందు, "బాబూ, గుంత! గట్టిగా పట్టుకో!" అని కేకెయ్యసాగింది.

బాబాయ్ అతనికి కవరు బాబు అని పేరు పెట్టాడు. చేతిలో కవరు లేకుండా అతనెప్పుడూ ఎక్కేవాడు కాదు మరి. ఒక కవరు అవసరానికి. ఇంకో కవర్లో బాబాయ్‌కీ కెప్టెన్‌కీ బన్నులు.

"నాకొక అనుమానం, కవరు బాబూ. రెండు బన్నులూ ఒకే ట్రేలోంచి వస్తాయి కదా? నాది చల్లగా, కెప్టెన్‌ది వేడిగా ఎలా ఉంటాయి?"

"మీది... పైనుంటుంది బాబాయ్. గాలి తగులుతుంది."

"ఓహో, గాలి" అన్నాడు బాబాయ్, చాలా గంభీరంగా. అద్దంలో ఆమె కళ్ళు నవ్వడం అతను చూశాడు. రోడ్డు మీదుండాల్సిన కళ్ళు అద్దం మీదెందుకున్నాయని ఆమె అడగలేదు.

ఒకరోజు జోరున వాన. ట్రాఫిక్కు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. కిటికీలన్నీ మూసేశారు. తడి బట్టల వాసన, డీజిల్ వాసన. అతను కళ్ళు మూసుకుని, కవరు విప్పి, సిద్ధంగా కూర్చున్నాడు. అంతలో చల్లటి గాలి మొహానికి తగిలింది. కళ్ళు తెరిచి చూస్తే, ఆమె తన పక్క కిటికీ పూర్తిగా తెరిచేసింది. వాన జల్లు నేరుగా ఆమె భుజం మీద పడుతోంది. ఖాకీ చొక్కా చెయ్యి మొత్తం తడిసి నల్లబడింది.

"తడిసిపోతున్నారు!"

"వాన చూడ్డానికి బాగుందని తీశా. నువ్వు రోడ్డు చూడు."

అతను రోడ్డు చూశాడు. వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. విప్పిన కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

---

అక్క ఫోన్‌లో ఎప్పట్లాగే, "ఏం తిన్నావురా?" అని అడిగేది. వస్తున్నానని అతను చెప్పలేదు. తీరా వెళ్ళలేకపోతే తనకి ఆశ పెట్టినవాడవుతాడు.

బస్సులో రూటు ఆ చివరి నుంచి ఈ చివరికి హాయిగా వెళ్ళి రాగలుగుతున్నాడు. ఇక ప్రయాణానికి రోజు చూసుకోవచ్చు అనుకుంటుండగా, ఆమె ఒకరోజు సెలవు పెట్టింది. ఆ రోజు ఆ బస్సు వేరే డ్రైవరు నడిపాడు. అదే బస్సు, అదే రోడ్డు, అదే ముందు సీటు. మూడో స్టాపులో అతను కవరు వాడాడు.

మర్నాడు ఆమెకి చెప్పాడు. చెబుతూ నవ్వబోయాడు కూడా. "మీ బస్సులో అయితేనే నాకేం కాదండీ. వేరేవాళ్ళు నడిపితే మళ్ళీ మామూలే."

ఆమె నవ్వలేదు.

"అంటే నీకు నేను అలవాటయ్యాను. ప్రయాణం అలవాటు కాలేదు."

"అదేం లేదండీ..."

"కొండ మీదికి నేను నడపనుగా? అక్కడికి నా రూటు లేదు. తప్పు నాదే. రేపట్నుంచి నువ్వు నా బస్సెక్కకు. మిగతావన్నీ ఎక్కు. బ్రేకు ఎలా పడితే అలా కొట్టేవాళ్ళవి చూసి మరీ ఎక్కు."

ఆమె చెప్పింది న్యాయమే. అతనికి తెలుసు. కానీ 'నా బస్సెక్కకు' అన్న ముక్క ఒక్కటే అతని చెవుల్లో ఉండిపోయింది. విసుగొచ్చిందేమో. రావడంలో తప్పేముంది? తను ఆమెకి ఏమవుతాడని ఇన్నాళ్ళు నోరు నొప్పి పుట్టేలా మలుపులు చెప్పింది?

అతను మిగతా బస్సులెక్కాడు. శత్రువుని తొక్కినట్టు బ్రేకు తొక్కే ఒక మీసాలాయన బస్సు ఎంచుకున్నాడు. మొదట్లో నరకం. అయితే చిత్రం, మలుపు వస్తుందనగా అతని చెవిలో ఆమె గొంతే వినిపించేది. కుడి. నెమ్మది. ఇప్పుడు గుంత. కొన్నాళ్ళకి ఆ గొంతు తగ్గింది, అతనే చెప్పుకోసాగాడు. ఇంకొన్నాళ్ళకి చెప్పుకోవడమూ మర్చిపోయి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దుకాణాలు వెనక్కి పరిగెడుతున్నాయి. కదిలే బస్సులోంచి చూస్తే తన ఊరు ఇంత బాగుంటుందని అతనికి ఇన్నేళ్ళూ తెలియలేదు.

ఒక సాయంత్రం బాబాయ్ బేకరీకి వచ్చాడు. బన్ను తీసుకుని, నొక్కి చూసి, "ఇవాళ నాదీ వేడిగానే ఉందే!" అన్నాడు.

"ఎలా ఉన్నారు బాబాయ్? అందరూ... బాగున్నారా?"

"అందరూ బాగున్నారు. కూరగాయల అమ్మమ్మ బాగుంది. బస్సు బాగుంది. ముందు సీటే బాగోలేదు."

"ఏమైంది?"

"ఏమో! ఎవరు కూర్చోబోయినా, 'అది విరిగింది, వెనక్కెళ్ళండి' అంటోంది కెప్టెన్. నేను చూస్తే గట్టిగానే ఉంది మరి."

---

ప్రయాణానికి రోజు కుదిరింది. యజమాని సెలవిచ్చాడు. ఇవ్వడమే కాదు, "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగావా? నేను ఇవ్వననుకున్నావా?" అని ఎదురు కోప్పడ్డాడు. అతనికి సొంత బ్యాగు లేదు. ఊరు దాటనివాడికి బ్యాగెందుకు? యజమాని భార్య తమ ఇంట్లోంచి ఒకటి తెచ్చిచ్చింది. అందులో అతను మొదట బ్రెడ్డు, దాని మీద బట్టలు పెడుతుంటే ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"బట్టలు కింద, బ్రెడ్డు పైన! ఇలా తీసుకెళ్తే మీ అక్కకి బ్రెడ్డు అందదు నాయనా, అట్ట అందుతుంది."

ఒక్కొక్క చొక్కా మడత పెట్టడం చూపించింది. సబ్బు విడిగా చుట్టమంది. పైన చలి ఉంటుందని తన కొడుకు స్వెట్టరు ఒకటి లోపల కుక్కింది. తన చుట్టూ ఇంతమంది ఉన్నారని అతనికి తెలియడానికి ఒక ప్రయాణం కావాల్సొచ్చింది.

బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం డిపోకి వెళ్ళాడు. ఆమె టైరులో గాలి చూస్తోంది. దారంతా ఎన్నో మాటలు కూడబెట్టుకుని వచ్చాడు. ఆమె తలెత్తి చూడగానే ఒక్కటీ మిగల్లేదు.

"రేపు పొద్దున బస్సుకి వెళ్తున్నానండీ. మీరు లేకపోతే ఇది జరిగేది కాదు. చాలా థాంక్స్. మీ మేలు మర్చిపోను."

"సభలో మాట్లాడినట్టు మాట్లాడుతున్నావే" అందామె. "సరే. మంచిది. జాగ్రత్తగా వెళ్ళు."

మళ్ళీ టైరు వైపు తిరిగింది. కాసేపు నిలబడి, ఏం చెయ్యాలో తోచక అతను వచ్చేశాడు. థాంక్స్ అనేది ఇంత పొట్టి మాటని, ఇంత చల్లటి మాటని అతనెప్పుడూ అనుకోలేదు.

---

పొద్దున బస్టాండులో కొండ బస్సు పక్కన నిలబడి బ్యాగు సర్దుకుంటుంటే, ఎవరో నీలం చీర అమ్మాయి వచ్చి, "కిటికీ సీటు నీదా, నాదా?" అంది.

జడ వదులుగా ఉంది. ఖాకీ లేకపోయేసరికి పోల్చుకోవడానికి అతనికి ఒక క్షణం పట్టింది. 

"మీరా? ఎక్కడికి?"

"నువ్వెక్కడికో అక్కడికే. సెలవు పెట్టా. కొండ దారిలో మలుపు మీద మలుపు ఉంటుంది. అంత దూరం నువ్వొక్కడివే... ఏదైనా అయితే?" అని, అతని మొహం చూసి గబగబా కలిపింది. "మొదలుపెట్టిన పని మధ్యలో వదలడం నాకు నచ్చదు. అంతే."

బస్సు కదిలింది. మైదానం దారంతా ఆమె కబుర్లే కబుర్లు. ఆ డ్రైవరు గేరు మార్చడం చూసి పెదవి విరిచింది, హారన్ కొట్టడం చూసి తల పట్టుకుంది. "మీరు ఊరికే కూర్చుని రాలేరా?" అంటే, "నా కాలు ఊరుకోవడం లేదు, బ్రేకు వెతుక్కుంటోంది" అంది.

కొండ మొదలైంది. మొదటి మలుపు, రెండో మలుపు. అతను గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాడు. ఏమీ కాలేదు. లోయలో మబ్బులు తేలుతున్నాయి. "చూడండి, చూడండి!" అని పక్కకి తిరిగాడు.

ఆమె ఏమీ చూడ్డం లేదు. పెదాలు బిగబట్టి, ముందు సీటు కడ్డీని రెండు చేతుల్తో పట్టుకుని ఉంది. మొహం పాలిపోయింది.

"ఏమైందండీ?"

"కవరుందా?" అంది, చాలా చిన్న గొంతుతో.

కవరు ఉంది. అతను ఒక చేత్తో కవరు, ఇంకో చేత్తో ఆమె జడ పట్టుకున్నాడు. పని పూర్తయ్యాక నీళ్ళిచ్చి, మొహం తుడవడానికి చేతిగుడ్డ ఇచ్చి, కిటికీ తెరిచాడు.

"నీకూ పడదా?" అన్నాడు నమ్మలేనట్టు.

"చిన్నప్పుడు నాకూ ఇంతే. స్టీరింగు నా చేతిలో ఉంటే ఏం కాదు. అందుకే డ్రైవరునయ్యా. పక్కన కూర్చుని ఎక్కడికీ వెళ్ళి ఎన్నేళ్ళయిందో" అంది కళ్ళు మూసుకునే. "నవ్వితే చంపేస్తా."

"తెలిసీ ఎందుకొచ్చావు మరి?"

ఆమె కళ్ళు తెరవలేదు. "నిన్న నువ్వు థాంక్స్ అన్నావు. ఇక రాను అన్నట్టు వినిపించింది నాకు."

అతను నవ్వలేదు. ఆమె చెయ్యి కడ్డీ మీంచి తీసి తన చేతిలో పెట్టుకున్నాడు. "ఎడమకి తిరుగుతున్నాం" అన్నాడు మెల్లగా. "ఇప్పుడు కుడికి. పెద్ద మలుపే, కానీ నెమ్మదిగా వెళ్తున్నాడు. ఇదిగో, తిరిగిపోయాం."

సగం దారిలో బస్సు టీకి ఆగింది. ఆమె కొళాయి దగ్గర మొహం కడుక్కుని బల్ల మీద కూర్చుంది. చలి గాలికి చెంపల్లోకి రంగు తిరిగొస్తోంది. అతను యజమాని భార్య ఇచ్చిన స్వెట్టరు తీసి ఆమె భుజాల మీద కప్పాడు. తాము ఎక్కివచ్చిన దారి కింద మెలికలు తిరిగి కనిపిస్తోంది. ఈ దారినే కదా, ఎండనక వాననక, చేతిలో సంచీతో అక్క ఇన్నేళ్ళూ దిగొచ్చింది! వచ్చి ఒక్కసారైనా అలసిపోయానని అందా? వచ్చీ రాగానే, "ఏం తిన్నావురా?" అనే అడిగేది.

"ఒక మాట చెప్పనా?" అన్నాడు.

"థాంక్స్ తప్ప ఏదైనా చెప్పు."

"నాకు ప్రయాణం అలవాటైంది. మీసాలాయన బస్సులోనూ కూర్చోగలను. నువ్వు లేకుండా ఉండడమే అలవాటు కాలేదు. ఇక కాదు కూడా."

ఆమె నేల చూపులు చూస్తూ, "వాంతి చేసుకుని కూర్చున్న అమ్మాయికి చెప్పే మాటేనా ఇది?" అంది.

"జవాబు చెప్పవా?"

డ్రైవరు హారన్ కొట్టాడు. "చూడు, మళ్ళీ ఎలా కొడుతున్నాడో" అంటూ ఆమె లేచింది. స్వెట్టరు మాత్రం తిరిగివ్వలేదు.

---

తలుపు తీసిన బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నువ్వా? ఎలా వచ్చావు?" అన్నాడు.

"బస్సులోనే బావా."

లోపల మంచం మీద అక్క దిండుకి ఆనుకుని ఉంది. పొట్ట ఎత్తుగా, మొహం కాస్త ఉబ్బి, కళ్ళ కింద నలుపుతో. తమ్ముణ్ణి చూసి దగ్గరికి రమ్మన్నట్టు చెయ్యి చాపింది. అతను మంచం పక్కన నేల మీద కూర్చోగానే, చిన్నప్పట్లాగా తల నిమిరింది. అప్పుడొచ్చాయి ఆమెకి కన్నీళ్ళు.

"ఏం తిన్నావురా?"

"అక్కా, ఇంత దూరమా నువ్వొచ్చేది? ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే దగ్గరవుతుందా పిచ్చోడా?"

"ఇన్నిసార్లు వచ్చావు. నేను ఒక్కసారి వచ్చేసరికి..." ఆ మాట పూర్తి చెయ్యలేక అతను ఆమె చేతిని మొహానికి ఆనించుకున్నాడు. ఏళ్ళ తరబడి చెప్పాలని కూడా తెలియని మాటలన్నీ ఆ చేతికి చెప్పుకున్నాడు. ఆమెకి అర్థమయ్యాయి.

కాసేపటికి అక్క కళ్ళు తుడుచుకుని గుమ్మం వైపు చూసింది. అక్కడ నీలం చీర, తనకి పెద్దదైన స్వెట్టరు, చేతిలో బ్యాగుతో ఒక అమ్మాయి ఎటు పోవాలో తెలియక నిలబడి ఉంది.

"ఈ అమ్మాయెవరురా?"

"మా... డ్రైవరు" అన్నాడతను. అంతకంటే తెలివైన మాట ఆ క్షణంలో దొరకలేదు.

"నమస్తే అక్కా" అందామె. "ఇతన్ని దిగబెడదామని వచ్చా. నిజానికి ఇతనే నన్ను తీసుకొచ్చాడు."

"మీ ఇంట్లో చెప్పే వచ్చావా అమ్మా?"

"అమ్మకి చెప్పాను అక్కా. 'వెనక సీట్లో కూర్చోకు' అంది. ఆ అబ్బాయి ఎవరని అడగలేదు. ఇంట్లో రోజూ వింటూనే ఉంది మరి."

అతను చటుక్కున తలెత్తాడు. ఆమె నాలిక్కరుచుకుని గోడకేసి చూసింది.

అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఏడ్చిన కళ్ళలోకి నెమ్మదిగా అల్లరి వచ్చి చేరింది.

"అంతా బాగుంది గానీ, ఒక్క విషయం. నువ్వు నన్ను అక్కా అంటే, వీడు నీకు తమ్ముడవుతాడు. నీకు అదే ఇష్టమైతే నేనేం అనను. తీరిగ్గా ఆలోచించుకో. నేనెలాగూ మంచం దిగను, నాకు తొందరేం లేదు."

బావ పక్కకి తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఆమె చెవుల దాకా ఎర్రబడి, "టీ పెట్టుకొస్తా, వంటిల్లెటు?" అని, ఎవరూ చూపించకముందే లోపలికెళ్ళిపోయింది.

లోపల స్టవ్ వెలిగిన చప్పుడు. గిన్నె చప్పుడు. డబ్బాల మూతలు తీసి పెడుతున్న చప్పుడు. తర్వాత అంతా నిశ్శబ్దం. అతను అటువైపే చూస్తూ కూర్చున్నాడు. 

వంటింట్లోంచి గొంతు వినిపించింది. మొదట కొంచెం తడబడి, తర్వాత స్పష్టంగా.

"పంచదార ఎంత వెయ్యమంటారు, వదినా?"

అక్క తమ్ముడి చెయ్యి గట్టిగా నొక్కింది.

"ఇవాళ ఒక చెంచా ఎక్కువే వెయ్యమ్మా" అంది.